లోడు ఒప్పుకున్నప్పటి నుంచి తాళం మేకుకు తగిలించే దాకా: సొంత లారీ తోలుకునేవాళ్లకు

జీతానికి తోలే డ్రైవరుకు ఒక సౌకర్యం ఉంది. బ్రేకు సరిగ్గా పట్టకపోతే తాళాలు ఓనరు చేతిలో పెట్టి, "బాగు చేయించు, అప్పుడొస్తాను" అనగలడు. సొంత బండి తోలుకునేవాడికి ఆ వీలు లేదు. డ్రైవరూ మనమే, ఓనరూ మనమే. డ్రైవరుకు నిద్ర ముంచుకొస్తుంటే ఓనరుకు ఐదో తారీకు ఫైనాన్సు వాయిదా గుర్తొస్తుంది. ఆ ఇద్దరి తగువులో ఎప్పుడూ ఓనరే నెగ్గుతాడు.

నాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. పది టైర్ల బండి. టెక్కలి గ్రానైటు, బియ్యం, సిమెంటు, ఏది దొరికితే అది వేస్తాను. సాలూరు మీదుగా రాయ్‌పూర్ లైను కూడా తిరిగాను. ఇప్పుడు రెండో బండి కూడా ఉంది, దానికి డ్రైవరుని పెట్టాను. కింద రాసినవన్నీ నాలోని ఓనరు నోరు మూయించడానికి నేను పెట్టుకున్న పద్ధతులు. కొన్ని చట్టంలో ఉన్నవి, కొన్ని దెబ్బ తిని నేర్చుకున్నవి.

మొదట కాటా (బండి బరువు తూచే చోటు) సంగతి తేల్చుకోండి

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. "లోడుంది, మూడు టన్నులెక్కువ, ఏటవుతాది బావూ?" అంటాడు. ఏమవుతుందో అక్కడికక్కడే లెక్క కట్టి చెప్పండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. అంటే మూడు టన్నులకు 26,000. ఎక్కువైన సరుకు దింపించుకునే కూలి కూడా మన నెత్తినే. కాటాకు రమ్మంటే ఆపకుండా పోతే 40,000. ఆ మూడు టన్నుల మీద మీకు మిగిలే కిరాయి ఎంతో దీని పక్కన రాసి చూసుకోండి.

"పట్టుబడితే కదా" అనేవాళ్లుంటారు. పట్టుబడకపోయినా టైర్లు, బ్రేకు లైనర్లు, బరువు మోసే కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) రోజూ ఆ జరిమానా కడుతూనే ఉంటాయి. రసీదు ఉండదు కాబట్టి మనకు తెలియదు, అంతే.

2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచింది. వెనక రెండు యాక్సిళ్ల జతకు 19 టన్నులున్నది 21 అయింది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు 10.2 ఉన్నది 11.5 అయింది. ఆ కబురు విని పాత బండ్లకు కూడా కళ్లు మూసుకుని రెండు టన్నులు కలిపేసుకున్నవాళ్లు ఉన్నారు. పక్క బండి ఎంత వేస్తోందని చూడొద్దు. మీ ఆర్సీలో ఏ అంకె రాసి ఉందో అదే మీ లెక్క.

మొత్తం బరువు సరిపోయినంత మాత్రాన అయిపోలేదు. సరుకంతా వెనక్కి పేరిస్తే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. వర్షంలో తిప్పినప్పుడు బండి మాట వినదు. లోడింగు జరిగేటప్పుడు టీకొట్టు దగ్గర కూర్చోకుండా బండి దగ్గరే ఉండండి.

బయల్దేరే ముందు బండి చుట్టూ ఇరవై నిమిషాలు

కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ తొక్కించి బయల్దేరడం మనందరికీ అలవాటే. నేనూ చేస్తాను. దానికి ముందు ఇది చేయండి.

ఇంజను వేయకముందు కింద నేల చూడండి. రాత్రంతా బండి నిలిచిన చోట ఆయిలు మరకలున్నాయా, నీళ్ల మరకలున్నాయా. ఇంజన్ ఆయిలు, కూలెంటు చూడండి. తర్వాత, లారీ బ్రేకులు నడిచేది గాలితోనే కాబట్టి, ఆ గాలి నిలవుండే ఎయిర్ ట్యాంకుల కింద డ్రెయిన్ లాగండి. మనది సముద్రం గాలి, తేమ ఎక్కువ. కంప్రెసర్ ఆ గాలినే లాగి నొక్కుతుంది కాబట్టి ట్యాంకులో నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు వాల్వుల్లోకి వెళ్లి తుప్పు పట్టిస్తాయి, ట్యాంకులో గాలికి చోటు తగ్గిస్తాయి. నీళ్లతో పాటు నల్లటి ఆయిలు కూడా ఎక్కువగా వస్తుంటే కంప్రెసర్‌ను చూపించాల్సిన టైమొచ్చిందని అర్థం.

ఇప్పుడు ఇంజను వేసి మీటరులో గాలి పూర్తిగా ఎక్కనివ్వండి. చదునైన చోట చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టి, ఇంజను ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి. ఒక నిమిషం ముల్లును చూడండి. తొక్కగానే కొంచెం దిగి నిలబడితే సరే. నిలబడకుండా దిగుతూనే ఉంటే ఎక్కడో గాలి పోతోంది. క్లీనరుని కింద నిలబెట్టి చెవి పెట్టి వినమనండి. అనుమానం ఉన్న జాయింటు మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు వస్తాయి. ఆ తర్వాత స్విచ్ ఆన్‌లో ఉంచి బ్రేకు తొక్కుతూ వదులుతూ గాలి దించేయండి. ఒక దశలో బజరు మోగాలి. మోగకపోతే రోడ్డు మీద గాలి పోయినా మీకు చెప్పే నాథుడు లేడు. చాలా బండ్లలో ఆ బజరు గోల భరించలేక వైరు పీకేసి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు నేను మొదట వెతికేది ఆ పీకేసిన వైరునే.

బ్రేకు లైనరుకూ డ్రమ్ముకూ మధ్య సందును సర్దే స్లాక్ అడ్జస్టర్ల గురించి ఒక్క మాట. పాత రకం అయితే లైనరు అరిగే కొద్దీ బిగిస్తూ ఉండాలి. ఆటోమేటిక్ రకం తనంతట తనే సర్దుకోవాలి. ఆటోమేటిక్‌ను కూడా మెకానిక్ మాటిమాటికీ చేత్తో బిగిస్తున్నాడంటే జబ్బు ఇంకెక్కడో ఉంది. బుష్షులో కావచ్చు, క్యామ్‌లో కావచ్చు. బిగించి పంపేస్తే తీరేది కాదు.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవండి. రెండొందల కిలోమీటర్లు తోలి, వేడెక్కిన టైరులో గాలి ఎక్కువుందని తీసేసేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను. చల్లారాక ఆ టైరు మెత్తబడిపోతుంది. వెనక జంట టైర్లలో లోపలిది ఎవరికీ కనపడదు. దానిలో గాలి తగ్గితే బరువంతా బయటి టైరు మోస్తుంది. వేడెక్కి పేలేది అదే. రాడ్డుతో కొట్టి శబ్దం వింటే పూర్తిగా దిగిపోయిన టైరు తెలుస్తుంది. సగం దిగింది తెలియదు. గేజీ పెట్టాల్సిందే. రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి, క్వారీ నుంచి వచ్చే బండ్లకు ఇది మామూలే. గాడిలో చిన్న బొడిపెలు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల గుర్తు. గుండీలు అరిగి ఆ బొడిపెతో సమానమైతే టైరు పని అయిపోయింది. ముందు టైర్లు మాత్రం అంత దాకా రానివ్వకండి. రీబటన్ చేసిన (అరిగాక పైన కొత్త రబ్బరు వేసిన) టైరు వెనకే వేయండి, ముందుకు వద్దు. వెనక పేలితే బండి ఆగుతుంది. ముందు పేలితే బండి ఎటు వెళ్తుందో మీ చేతుల్లో ఉండదు.

వీల్ నట్టు కింద తుప్పు చార కారినట్టు కనిపిస్తే ఆ నట్టు వదులైంది. చక్రం విప్పి బిగించిన రోజున యాభై నుంచి వంద కిలోమీటర్లు తోలాక ఆపి ఇంకోసారి బిగించండి. పంక్చరు షాపువాడు ఎంత గట్టిగా బిగించినా సరే.

చివరగా గుడ్డ పట్టుకుని లైట్లు, రిఫ్లెక్టర్ టేపు తుడవండి. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. టేపు అతికించి ఉంటే ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు) పనికొస్తుంది. తుడిచి ఉంటేనే వెనకొచ్చే బైకువాడికి పనికొస్తుంది. క్వారీ గుంతల్లో తగులుతున్నాయని పక్క గార్డులు కోసేసేవాళ్లున్నారు. బైకు జారి పడితే మనిషి వెనక చక్రాల కిందికి పోకుండా ఆపేది అవే. కోయకండి.

లోడు కట్టడం

బియ్యం బస్తాలు, సిమెంటు గురించి చెప్పేదేమీ లేదు, పట్టా వేసి తాళ్లు లాగి కట్టడం మీకు తెలుసు. గ్రానైటు గురించి చెప్పాలి.

గ్రానైటు ఒక ఘనపు మీటరు దాదాపు 2.7 టన్నులు తూగుతుంది. పొడవు మూడు మీటర్లు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర చొప్పున ఉన్న దిమ్మ చూడ్డానికి బండి మీద చిన్నదిగా కనిపిస్తుంది. బరువు 18 టన్నులు దాటుతుంది. "కదలదులే, దాని బరువే దాన్ని పట్టుకుంటాది" అనే మాట ప్రతి క్వారీలోనూ వింటారు. సడన్ బ్రేకు వేసినప్పుడు బండి ఆగుతుంది, దిమ్మ ఆగదు. దానికీ మీకూ మధ్య ఉన్నది క్యాబిన్ రేకు ఒక్కటే. ఇనుప ఫ్లోరు మీద నేరుగా పెట్టనివ్వకండి, కింద ముతక చెక్కలు వేయించండి. ముందు, పక్కల చెక్కలతో బిగించి, ఇనుప గొలుసు వేసి టెన్షనరుతో లాగండి. కొబ్బరి తాడు, నైలాన్ తాడు దీనికి చాలవు. ఇరవై కిలోమీటర్లు వెళ్లాక ఆపి గొలుసు చూడండి. కచ్చితంగా వదులై ఉంటుంది, ఎందుకంటే చెక్కలు అణుగుతాయి. నాకు ఇది చెప్పినవాళ్లెవరూ లేరు. టెక్కలి దాటి ఒక కుక్క అడ్డొచ్చి బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి వచ్చిన ఆ గర్రుమనే చప్పుడే నాకు చెప్పింది. దిమ్మ జానెడు జరిగింది. ఆ రోజు ఇంకో జానెడు జరిగి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

గడ్డి లోడు ఇంకో రకం ప్రమాదం. కోతలయ్యాక పల్లె రోడ్ల మీద గడ్డి లారీలు కరెంటు తీగలను తాకడం, మంటలు లేవడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లకు కొత్త కాదు. లోడు వేయడానికి ముందే ఆ దారిలో బైకు మీద ఒకసారి వెళ్లి రండి. తీగలు ఎక్కడ వేలాడుతున్నాయో చూసుకోండి. లోడు మీద మనిషిని కూర్చోబెట్టి కర్రతో తీగ ఎత్తించే పని ఎప్పుడూ చేయించకండి. పచ్చి కర్రకు కరెంటు పాకుతుంది.

ఒకవేళ తీగ బండికి తగిలితే క్యాబిన్‌లోనే కూర్చోండి. వీలైతే బండిని మెల్లగా వెనక్కి తీసి తీగ నుంచి విడిపించండి. కింద ఉన్నవాళ్లను దూరంగా పొమ్మని అరవండి. కరెంటు ఆఫీసుకు ఫోను చేసి లైను ఆపించేదాకా దిగొద్దు. మంట అంటుకుని దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి ఒక్కసారిగా కిందికి గెంతండి. కాళ్లు కలిపే చిన్న చిన్న గెంతులతో దూరం పొండి. అడుగు తీసి అడుగు వేయొద్దు. నేలలో కరెంటు పారుతున్నప్పుడు ఒక పాదానికీ ఇంకో పాదానికీ మధ్య ఉండే తేడానే మనిషిని చంపుతుంది.

కాగితాలు

ఆర్సీ, ఇన్సూరెన్సు, పర్మిట్టు, ఎఫ్‌సీ, పొల్యూషన్, టాక్సు, లైసెన్సు. ప్రతిదాని చివరి తేదీని ఒక కాగితం మీద రాసి క్యాబిన్‌లో అతికించండి. ఫోనులో దాచుకుంటే చూడరు. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. హెవీ లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్. గ్యాసు, పెట్రోలు లాంటి ప్రమాదకర సరుకు తోలే లైసెన్సు మూడేళ్లకోసారి. పైడిభీమవరం ఫార్మా కంపెనీలకు రసాయనాలు వేసేవాళ్లు దీన్ని మరిచిపోకండి. లైసెన్సు గడువు తప్పిన సమయంలో యాక్సిడెంటు జరిగితే కోర్టు బాధితులకు ఇన్సూరెన్సు కంపెనీ చేత డబ్బు ఇప్పించి, ఆ సొమ్ము బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమని చెప్పగలదు. ఇల్లు, పొలం పోయేది అక్కడే.

ఓనరు-డ్రైవరుకు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు ఉంటుంది. అది ఆర్సీలో పేరున్నవాడికే, లైసెన్సు ఉంటేనే. బండి మీ తండ్రి పేరునో, భార్య పేరునో ఉండి మీరు తోలుతుంటే ఆ కవరు మీది కాదు. ఏజెంటును అడిగి పెయిడ్ డ్రైవరు, క్లీనరు కవరు వేయించుకోండి. లోడు మీద మనుషుల్ని ఎక్కించుకోకండి. పెళ్లివాళ్లయినా, కూలీలైనా, దారిలో చేయి ఊపిన ఊరివాళ్లయినా సరే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు వర్తించదని సుప్రీంకోర్టే చెప్పింది.

నిద్ర లెక్క

అన్నిటికంటే కష్టమైన పద్ధతి ఇదే. బ్రేకు అరిగితే చప్పుడు వస్తుంది, మనిషి అరిగితే రాదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంది, ఐదు గంటలు దాటకుండా అరగంట విరామం ఇవ్వాలంది. అది జీతగాళ్ల కోసం రాసిన చట్టం. సొంత బండివాడికి ఆ లెక్క ఎవరు చూస్తారు? నేను నా కోసం దాన్నే పెట్టుకున్నాను. నాలుగు గంటలు స్టీరింగు, అరగంట కింద. రోజుకు ఎనిమిది, ఘోరంగా తప్పని రోజున పది. ఫోనులో అలారం పెడతాను. మోగితే పక్కన ఎక్కడ చోటుంటే అక్కడ ఆపుతాను. "ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా" అని మనలో ఓనరు అంటాడు. ఆ ఇరవైలోనే జరుగుతాయి.

తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు తనంతట తనే మూసుకుపోతుంది. అలవాటు పడ్డాం అనుకోవడం అబద్ధం. గంటకు అరవై మీద వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే 65 మీటర్లు పైనే, తోలేవాడు లేకుండా. నాకు ఇది పలాస దాటాక ఒక రాత్రి జరిగింది. కళ్లు తెరిచే ఉన్నాయని ఒట్టేసి చెప్పగలను. కానీ బండి ఎప్పుడు రోడ్డు అంచుకు పోయిందో తెలియదు. కంకర చప్పుడుకు మెలకువ వచ్చింది. అంతకు ముందు రెండు రోజులు ఒక ఫ్యాక్టరీ గేటు ముందు అన్‌లోడింగు కోసం కాపు కాశాను. కాపు కాయడం విశ్రాంతి అని ఆ ఫ్యాక్టరీవాళ్లు అనుకుంటారు, మనమూ అనుకుంటాం. వరస కదిలిన ప్రతిసారీ లేచి బండి జరుపుకునేవాడికి నిద్ర ఎక్కడిది? అందుకని గేటు ముందు గడిపిన రాత్రిని నేను పని గంటల్లోనే వేసుకుంటాను.

ఆవలింతలు, తల బరువు, దాటొచ్చిన ఊరు గుర్తు లేకపోవడం, గేరు పొరపాట్లు. ఇవి వచ్చాక టీ, సిగరెట్టు, గుట్కా, పెద్ద పాట, కిటికీ గాలి ఏవీ పని చేయవు. పోలీసులు రాత్రిపూట ఆపి ముఖం కడిగించి పంపుతారు, మంచిదే, కానీ అది పదిహేను నిమిషాల మందు. టీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు పడుకోండి. టీ పని చేయడం మొదలుపెట్టే సమయానికి మెలకువ వస్తుంది. ఆ ఇరవై నిమిషాలతో తర్వాతి మంచి చోటు దాకా పోయి, అక్కడ అసలు నిద్ర పోండి. పెట్రోలు బంకు గానీ, మనుషులున్న ధాబా గానీ చూసుకోండి. రోడ్డు అంచున కాదు.

సరుకు ఎప్పుడు చేరుతుందని పార్టీ అడిగితే ఈ నిద్రతో సహా లెక్కేసి టైము చెప్పండి. సరుకు బండికి హైవే మీద హద్దు గంటకు 80. దాన్ని బట్టి చెప్పకండి. ఆగుళ్లు, టోళ్లు కలిపి సగటు నలభై వచ్చినా గొప్పే.

సాలూరు ఘాటు దిగేటప్పుడు

సాలూరు 2022 దాకా విజయనగరం జిల్లాలోదే, ఇప్పుడు పార్వతీపురం మన్యం. లారీల ఊరు. అక్కడ ప్రతి వీధిలోనూ ఘాటు గురించి చెప్పే పెద్దాయన ఒకరుంటారు. ఘాటు మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారిని వాళ్లు ఇప్పటికీ పాత నంబరుతో నలభై మూడు అనే అంటారు. నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే.

రాయ్‌పూర్ వైపు నుంచి లోడుతో వస్తున్నప్పుడు సుంకి దగ్గర ఆపండి. డ్రమ్ముల వేడి, గాలి మీటరు, గొలుసులు చూసుకోండి. దిగడం మొదలుపెట్టక ముందే గేరు తగ్గించండి. ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికి అదే, లేదా ఒకటి తక్కువ. వేగం అందుకున్నాక గేరు మార్చబోతే పడకపోవచ్చు, అప్పుడు బండి న్యూట్రల్‌లో మీ చేతిలో ఉంటుంది. ఎగ్జాస్టు బ్రేకు వేసి ఉంచండి. కాలి బ్రేకును తొక్కి పట్టుకుని దిగొద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనరుకు దూరమవుతుంది. లైనరు మాడి పట్టు వదులుతుంది. ఎంత తొక్కినా అప్పుడు పాదం కింద ఏమీ ఉండదు.

డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేసి దిగేవాడిని, ఇంజను ఆపి దిగేవాడిని నేను డ్రైవరు అనను. ఇంజను ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, పవర్ స్టీరింగు ఆగుతుంది. లీటరు డీజిలు కోసం రెండూ పోగొట్టుకుంటారు.

మాడిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, డ్రమ్ము పగులుతుంది. నిజంగా బ్రేకు పోతే హారను, లైట్లు వేసి, గేరు ఒక్కొక్కటే దించుతూ కొండ వైపు ఒరుసుకోండి, లోయ వైపు కాదు. ఇరుకు మలుపులో ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలి. అది పాత మర్యాదే, 2017 డ్రైవింగు నిబంధనల్లోనూ ఉంది. శీతాకాలం ఉదయం మంచు పట్టి ఉంటే కిందే టీ తాగుతూ కూర్చోండి. కొండ ఎక్కడికీ పోదు.

రోడ్డు మీద బండి ఆగిపోతే

హైవే మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దుకుని కార్లవాళ్లు, బైకులవాళ్లు చనిపోయిన వార్త పేపర్లో మనం తరచూ చదువుతాం. ఆగి ఉన్న ఆ లారీ మనది కాకూడదు.

కదిలే శక్తి కొంచెమున్నా రోడ్డు దిగే చోటు దాకా లాగండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి. మూడు కోణాల ఎర్ర రిఫ్లెక్టరు ఒకటి కాదు, రెండు ఉంచుకోండి. ఒకటి బండికి యాభై మీటర్ల వెనక, ఇంకొకటి వంద దగ్గర. మలుపుంటే మలుపుకు అవతల. పెట్టడానికి వెళ్లేటప్పుడు వచ్చే బండ్లకు ఎదురుగా, రోడ్డు బయట నడవండి. మన దగ్గర రాళ్లు, చెట్టుకొమ్మలు పేర్చే అలవాటు ఉంది. రాత్రి రాయి కనపడదు. పైగా బండి బాగయ్యాక ఆ రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. తెల్లారి పాల క్యానులతో వచ్చే బైకువాడు వాటి మీదెక్కి పడతాడు. పెట్టక తప్పకపోతే తీసేశాకే ఇంజను వేయండి.

జాకీ వేసేది రోడ్డు వైపు చక్రానికైతే మెకానిక్ కోసం ఆగండి. హైవే సాయానికి 1033, అంబులెన్సుకు 108, పోలీసుకు 112.

తుపాను

అక్టోబరు, నవంబరు వచ్చిందంటే వార్తలు వింటూ తోలండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ మనకు తెలిసినవే. లోడు బండి కంటే ఖాళీ బండి, పట్టా ఎత్తుగా కట్టిన తేలిక లోడు గాలికి తొందరగా పడతాయి. హెచ్చరిక ఉంటే బయల్దేరకండి. దారిలో ఉంటే చెట్లు, హోర్డింగులు, కరెంటు స్తంభాలు లేని చోట, గాలికి ముఖం పెట్టి ఆపి, బండి దిగి పక్కా భవనంలోకి వెళ్లండి.

మీ ఒళ్లు

నడుము నొప్పికి రోజూ మాత్ర వేసుకునే డ్రైవర్లు నాకు పది మంది తెలుసు. నొప్పి మాత్రలు ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఉద్దానం పక్కన పుట్టినవాళ్లకు కిడ్నీ జబ్బంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. సీటు బాగు చేయించుకోండి, అది మాత్రల కంటే చవక. వేసవిలో ఇంజను మీద కూర్చున్నట్టే ఉంటుంది, దారిలో ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానకండి. 2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మన పాత బండ్లకు రేకు కింద వేడి ఆపే షీటు, మంచి ఫ్యాను వేయించినా చాలా తేడా ఉంటుంది. ఏడాదికోసారి కళ్లు, షుగరు, బీపీ చూపించుకోండి. ఎదుటి లైటు చుట్టూ వలయం కనిపిస్తే అది లైటు తప్పు కాకపోవచ్చు.

డ్రైవరుని పెట్టుకుంటే

ట్రిప్పుకు ఇంత అని ఇస్తే వాడు నిద్ర మానేసి ట్రిప్పులు కొడతాడు. నేను నెల జీతం, రోజు బేటా (తిండి ఖర్చులకు ఇచ్చేది) వేరుగా ఇస్తాను. ఆలస్యమైతే కోత లేదు. "బండి బాగాలేదు, తియ్యను" అన్నరోజున తిట్టను. తిడితే రెండోసారి చెప్పడు. తోలుతున్నప్పుడు నేను ఫోను చేయను. చేసినా ఎత్తొద్దని చెప్పాను. పద్దెనిమిది నిండని పిల్లల్ని క్లీనరుగా ఎక్కించుకోకండి, లైసెన్సు లేనివాడికి "నేర్చుకుంటాడులే" అని రాత్రిపూట స్టీరింగు ఇవ్వనివ్వకండి.

యాక్సిడెంటు అయితే

పారిపోవడం మన లైనులో పాత అలవాటు, కారణం జనం కొడతారనే భయం. చట్టానికీ ఆ సంగతి తెలుసు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడమంటుంది. జనాగ్రహం వల్ల సాధ్యం కానప్పుడు మినహాయింపు కూడా అదే సెక్షనులో ఉంది. అలాంటప్పుడు అక్కణ్నుంచి తప్పుకుని 108కి, 112కి ఫోను చేసి, నేరుగా దగ్గర్లోని స్టేషనుకు వెళ్లండి. 24 గంటల్లోగా చెప్పాలి. ఫోను చేసిన టైము మీ ఫోనులో ఉంటుంది, చెరపకండి. వీలైతే బండి నిలిచిన తీరు, టైరు గుర్తులు ఫొటో తీయండి. ఇన్సూరెన్సువాళ్లకు అదే రోజు చెప్పండి. వేరేవాళ్ల యాక్సిడెంటు చూసి ఆగి సాయం చేస్తే కేసులో ఇరికిస్తారేమోనని భయపడొద్దు. 2019 సవరణ సాయం చేసినవాడికి రక్షణ ఇచ్చింది.

ఇంటికొచ్చాక

బండి పెట్టేసి నేరుగా స్నానానికి పోకండి. ఒక నోటుబుక్కు ఉంచుకోండి. కిలోమీటరు రీడింగు, వచ్చిన కొత్త చప్పుడు, బ్రేకు ఏ వైపు లాగింది, ఏ టైరులో గాలి ఎంత తగ్గింది, ఈ ట్రిప్పులో ఎన్ని గంటలు పడుకున్నారు, అంతా రాయండి. తేడా ఉంటే బాగయ్యేదాకా తాళాలు ఆ పుస్తకంలోనే పెట్టి, పుస్తకాన్ని ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. మా ఇంట్లో అది నా భార్య దగ్గర ఉంటుంది. పోయిన నెల లోడు ఫోనొచ్చి తాళాలడిగితే పుస్తకం తెరిచి, "వెనక ఎడం వైపు లైనరు అని రాసున్నావు, మార్పించావా?" అని అడిగింది. మార్పించలేదు. లోడు వేరేవాడికి పోయింది.